బండి కంటే ముందు ఫోన్ వెళ్లాలి
(ఒడిశాలోని రాయగడలో 108, 102 అంబులెన్సు సిబ్బంది, ఆశా కార్యకర్తల సమావేశంలో తెలుగులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. ట్రైనింగులన్నీ ఒడియాలో జరుగుతాయి, కాగితాలు ఇంగ్లిషులో వస్తాయి, కానీ ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామందిమి ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లమే. గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, మల్కన్‌గిరి, బరంపురం నుంచి కూడా వచ్చారు. అందుకే ఈ కాసేపు తెలుగులోనే మాట్లాడమన్నారు నిర్వాహకులు. నాకూ అదే హాయి.

ఈ మధ్య మన పనికి సంబంధించి కొత్త సంగతులు చాలా వచ్చాయి. సీపీఆర్, అంటే గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే పద్ధతులు కొన్ని మారాయి, యాక్సిడెంట్ కేసులకి కొత్త పథకం వచ్చింది, ఒడిశాలో హెల్త్ కార్డు మారింది, పాముకాటు మీద కేంద్రం ఒక ప్రణాళిక పెట్టింది. వరసగా చదివి వెళ్లిపోతే మీకు గుర్తుండదు, నాకూ బోరు. అందుకని అన్నింటినీ ఒకే ప్రశ్న మీదకి తెస్తాను: పేషెంట్ బండి ఎక్కాక ఎక్కడికి తీసుకెళ్తున్నాం, అక్కడివాళ్లకి మనం వస్తున్నట్టు తెలుసా? ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో పనిచేసేవాళ్లకి మందుల కన్నా, మెషీన్ల కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే అని నా గట్టి అభిప్రాయం.

ముందు కాల్ దగ్గర్నించి మొదలెడదాం. 108 మొదట హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైంది, ఒడిశాకి 2013లో వచ్చింది. ఇప్పుడు రెండు వైపులా అదే నంబరు, అదే సైరను, కానీ రెండు వేరే కాల్ సెంటర్లు. ఇక్కడే మన చిక్కు. మనిషి ఏ ఊళ్లో ఉన్నాడన్నది కాదు, అతని ఫోన్ ఏ టవర్ పట్టుకుంది అన్నదాన్ని బట్టి కాల్ వెళ్తుంది. కొటియా వైపు ఊళ్లు, పర్లాకిమిడి పక్కన పాతపట్నం దారి, ఇటు కొమరాడ వైపు, అటు మల్కన్‌గిరి చివర చింతూరు దిక్కు, ఈ చోట్లలో ఒడిశా మనిషి చేసిన కాల్ ఆంధ్ర సెంటర్‌కి పోతుంది, ఆంధ్ర మనిషిది ఇక్కడికి వస్తుంది. అక్కడి ఆపరేటర్ "ఏ మండలం" అంటాడు, ఇక్కడి మనిషికి తెలిసింది బ్లాకు. వాడు బ్లాకు పేరు చెప్తే ఆంధ్ర కంప్యూటర్లో ఆ పేరే ఉండదు. అటూ ఇటూ ఒకే పేరున్న ఊళ్లు కూడా ఉంటాయి, అది ఇంకో తలనొప్పి. ఈ గందరగోళంలో ఎంత టైము పోతుందో మీకు నేను చెప్పాలా?

ఆశా అక్కలు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ముందు మీకే చెప్తున్నా అక్కా. కాల్ చేసినప్పుడు మొదటి మాటగా రాష్ట్రం, జిల్లా చెప్పండి, తర్వాత బ్లాకు, పంచాయతీ, ఊరు, ఆ తర్వాత ఏమైందో. మనకి అలవాటు "అర్జెంటుగా రండి బాబూ, పిల్ల పరిస్థితి బాలేదు" అని మొదలెట్టడం. ఎవరికైనా టెన్షన్‌లో అదే వస్తుంది. కానీ మూడు ముక్కలు ముందు పడితే, అవతలి రాష్ట్రం సెంటర్‌కి తగిలినా వాళ్లు ఇటు చెప్పడానికి వీలవుతుంది. కువి, సవర, కోయ తప్ప వేరే భాష రాని ఇళ్లలో ఈ మాటలు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించి పెట్టండి. చదవడం వచ్చిన పిల్ల ఒకత్తి ఇంట్లో ఉంటే చాలు.

ఇంకో మాట. దేశం మొత్తానికి 112 అనే ఒకే ఎమర్జెన్సీ నంబరు ఉంది. 108 తగలనప్పుడు, బిజీ వచ్చినప్పుడు 112 నొక్కమని జనానికి చెప్పండి. చాలామంది దాన్ని పోలీసు నంబరు అనుకుని భయపడి చెయ్యరు.

ఇప్పుడు ఎక్కడికి అనే ప్రశ్న. మనవాళ్లలో రెండు రకాల ఆలోచన చూస్తాను. ఒక రకం: ఏ కేసైనా దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీలో దించేసి రికార్డు మీద సంతకం పెట్టించుకుని బయటపడటం. రెండో రకం పేషెంట్ వైపువాళ్లది: ఏం జరిగినా వైజాగ్ కేజీహెచ్‌కే, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రికే పదండి అంటారు. కేజీహెచ్ 1923 నుంచీ ఉంది, ఈ ప్రాంతంలో మూడు తరాలు అక్కడికే వెళ్లారు, ఆ నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ రెండు ఆలోచనల్లోనూ జబ్బు ఏమిటన్న సంగతి లేదు. తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పినవాణ్ని పీహెచ్‌సీలో దించితే అక్కడ చేసేదేముంది, ఇంకో కాగితం రాసి ఇంకో బండికి ఫోన్ చేస్తారు. అదే పాముకాటు వాణ్ని వైజాగ్ దాకా మోసుకెళ్తే దారిలోనే పోతాడు.

పాముకాటు గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన జిల్లాల్లో వానలు పడ్డాక వచ్చేది ఇదే, పైగా ఇందులో పోయే ప్రాణాల్లో చాలా భాగం పోనక్కర్లేనివి. కేంద్రం 2024 మార్చిలో దీనిమీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది, 2030కల్లా మరణాలు సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. పెట్టుకోవడం మంచిదే. ఆ సగం తగ్గాలంటే ఢిల్లీలో కాదు, మన బండిలో కొన్ని పనులు జరగాలి.

తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటి విషానికీ కలిపి ఒకటే విరుగుడు ఇంజక్షన్ మన దేశంలో దొరుకుతుంది. దానికి కావాల్సిన విషం చాలావరకు తమిళనాడులో ఇరుళ గిరిజనుల సహకార సంఘం పాముల్ని పట్టి తీసి ఇస్తుంది, ఆ సంఘం 1978 నుంచి నడుస్తోంది. అంటే మనవాళ్లకి ప్రాణం పోసే మందు వెనక కూడా గిరిజనులే ఉన్నారు, ఈ సంగతి ఊళ్లలో చెప్పండి, ఇంజక్షన్ అంటే భయపడే ముసలాళ్లు కూడా చెవి పెట్టి వింటారు. సరే, పక్కకి పోయాను. ఒకే విరుగుడు కాబట్టి ఏ పాము అన్నది తెలియాల్సిన పని లేదు. పాముని చంపి సంచిలో వేసి తేవద్దని ప్రతి మీటింగులో చెప్తాం, ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు. చచ్చిందనుకున్న పాము కూడా కాటేస్తుంది బాబూ! దూరం నుంచి ఫొటో తీస్తే తీయండి, లేకపోతే వదిలేయండి.

కట్లపాము సంగతి వేరుగా చెప్పుకోవాలి. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కాటేస్తుంది, నొప్పి ఉండదు, గాటు కనిపించదు. తెల్లవారుజామున లేచి కడుపులో నొప్పి అంటాడు, వాంతి అంటాడు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుంటారు, సోడా తాగిస్తారు, కాసేపటికి కళ్ల రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగలేడు. తెల్లవారుజామున కడుపునొప్పి కాల్ వచ్చి, మనిషి నేల మీద పడుకున్నాడని తెలిస్తే, ముందు రెప్పలు చూడండి. పైకి చూడమనండి. చూడలేకపోతే అది గ్యాస్ కాదు.

బండిలో చెయ్యాల్సింది: కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా చెక్కబద్ద కట్టడం, మనిషిని నడిపించకుండా మొయ్యడం, వాంతి అవుతుంటే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టడం. కొయ్యడం, పీల్చడం, ఐసు పెట్టడం, తాడు కట్టడం ఏవీ వద్దు. ఊళ్లోవాళ్లు ముందే తాడు బిగించేసి ఉంటే బండిలో ఒక్కసారిగా విప్పకండి. విప్పిన వెంటనే విషం ఒక్క ఉదుటున ఒంట్లోకి పోవచ్చు, ఐవీ లైనూ విరుగుడూ సిద్ధంగా ఉన్నచోట డాక్టరు చూసి విప్పుతారు. కట్లపాము, తాచు కేసుల్లో మనిషిని చంపేది ఊపిరి ఆగిపోవడం. అంబు బ్యాగ్, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి పట్టుకుని లయ తప్పకుండా ఊపిరి అందిస్తూ ఉంటే గంటల తరబడి నిలబెట్టొచ్చు. చెయ్యి నొప్పెడితే పక్కనున్న చుట్టానికి నేర్పించి నొక్కించండి, కానీ ఆపకండి.

ఇక్కడే నా ప్రశ్న వస్తుంది. విరుగుడు ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లాలి, పెద్ద ఆసుపత్రికి కాదు. ఏ సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) ఇవాళ ఎన్ని వయల్స్, అంటే మందు సీసాలు ఉన్నాయి? మొదటి డోసుకే పది వయల్స్ కావాలి. రెండే ఉన్నచోటికి వెళ్లి ఏం లాభం? బండి కదలగానే ఫోన్ చెయ్యండి: "పాముకాటు, రెప్పలు వాలుతున్నాయి, ఇంత టైములో వస్తున్నాం, విరుగుడు ఉందా, నైట్ డ్యూటీ డాక్టరు ఉన్నారా." లేదని వాళ్లు చెప్తే అప్పుడే దారి మార్చుకుంటారు. వానాకాలం మొదలయ్యే ముందు మీ పరిధిలో ఉన్న ఆసుపత్రుల ఫార్మాసిస్టుల నంబర్లు, సరిహద్దుకి అవతల ఉన్నవాటివి కూడా, బండిలో ఒక అట్ట మీద రాసి పెట్టుకోండి. ఫోన్లో సేవ్ చేసుకుంటే ఆ ఫోన్ ఉన్న మనిషి సెలవు పెట్టిన రోజు నంబర్లూ సెలవే. (నవ్వులు)

ఒడిశాలో పాముకాటుతో చనిపోతే కుటుంబానికి నాలుగు లక్షలు పరిహారం ఉంది, పోస్టుమార్టం రిపోర్టు అడుగుతారు. చాలామంది కోత ఇష్టం లేక శవాన్ని ఇంటికి తీసుకెళ్లిపోతారు, తర్వాత డబ్బు రాదు. మీ రికార్డులో కాటు టైము, లక్షణాలు సరిగ్గా రాస్తే ఆ కుటుంబానికి సాయమవుతుంది. గీకి పారేయకండి.

యాక్సిడెంట్లకి వద్దాం. సుంకి ఘాట్‌లో లారీ తిరగబడిందంటే మనకి సాలూరు దగ్గరా, కొరాపుట్ దగ్గరా? పేషెంట్‌ని చూసి చెప్పాలి, ఘాట్‌లో ఏ మలుపు మీద ఉన్నాం అన్నది చూసి చెప్పాలి. ఇంతకుముందు డబ్బు భయం ఉండేది, పక్క రాష్ట్రం ఆసుపత్రిలో చేరిస్తే అడ్వాన్స్ అడుగుతారని. 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన పథకం ప్రకారం మోటారు బండి వల్ల ఏ రోడ్డు మీద యాక్సిడెంట్ అయినా, బాధితుడికి ఒక్కొక్కరికి లక్షన్నర దాకా, యాక్సిడెంట్ అయిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, క్యాష్‌లెస్ వైద్యం. బాధితుడు ఏ రాష్ట్రంవాడు అన్నది అడ్డు కాదు. పథకంలో లేని ఆసుపత్రిలో చేరిస్తే ప్రాణం నిలబెట్టే వైద్యం వరకే వర్తిస్తుంది, తర్వాత మార్చాలి. అందుకే మళ్లీ అదే ఫోన్: మీరు ఈ పథకంలో ఉన్నారా, సీటీ స్కాన్ నడుస్తోందా, సర్జన్ ఉన్నారా. పోలీసులు ఆ కేసుని కంప్యూటర్లో ఎక్కించాలి కాబట్టి స్టేషన్‌కి వెంటనే చెప్పడం కూడా వైద్యంలో భాగమే అనుకోండి.

రోడ్డు మీద ఆగి సాయం చేసేవాళ్లని పోలీసులు వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 134ఏ సెక్షన్‌గా అది చట్టంలోకి ఎక్కింది. అయినా మన ఆటోవాళ్లు ఇంకా భయపడతారు. గాయపడ్డవాణ్ని మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చినవాళ్లకి ఇచ్చే బహుమతిని 2025లో ఐదు వేల నుంచి ఇరవై ఐదు వేలకి పెంచారు, 'రాహ్-వీర్' అని పేరు పెట్టారు. డబ్బు కోసం ఎవరూ ఆగరు అనుకోండి, కానీ ప్రభుత్వమే బహుమతి ఇస్తోందంటే ఇక కేసులో ఇరికించదు అన్న ధైర్యం వస్తుంది. ఆటో స్టాండ్లలో ఈ మాట చెప్పండి.

2023 అక్టోబరు 29 సాయంత్రం మనందరికీ గుర్తుంది. కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజరుని వెనకనుంచి గుద్దింది మన రాయగడ ప్యాసింజరే. ఈ ఊరి ఇళ్లలో చాలావాటికి ఆ బండితో చుట్టరికం ఉంది. అలాంటి చోటికి మొదట చేరిన బండి చెయ్యాల్సింది ఒక్క మనిషిని ఎక్కించుకుని పరుగెత్తడం కాదు. ఇది చెప్పడం తేలిక, చెయ్యడం చాలా కష్టం, చీకట్లో అందరూ మీ చొక్కా పట్టుకుని లాగుతుంటారు. అయినా ముందు కంట్రోల్ రూముకి ఎంతమంది, ఏ వైపు నుంచి దారి ఉంది అన్నది చెప్పాలి, తర్వాత ఎవరిని ముందు తీసుకెళ్లాలో రంగుల వారీగా విడదీయాలి. నడవగలిగినవాళ్లని పక్కకి రమ్మనండి, వాళ్లు ఆకుపచ్చ. మిగిలినవాళ్లలో ఊపిరి నిమిషానికి ముప్పై దాటినా, మణికట్టు దగ్గర నాడి అందకపోయినా, చెప్పిన మాట వినిపించుకోలేకపోయినా ఎరుపు. ఈ మూడూ సరిగ్గా ఉండి నడవలేనివాళ్లు పసుపు. గొంతు దారి తెరిచినా ఊపిరి తీసుకోనివాళ్లని వదిలి ముందుకి పోవాలి. ఒక్కొక్కరి దగ్గర అర నిమిషం. ఎరుపువాళ్లందరినీ ఒకే ఆసుపత్రికి తోలేస్తే అక్కడ కూలబడిపోతుంది, పంచాలి. రైలు, బస్సు ప్రమాదాలకి రెండు రాష్ట్రాల బండ్లూ వస్తాయి, ఎవరు ఎటు వెళ్తున్నారో ఒకరు నిలబడి రాసుకోవాలి. ఆ పని పైలట్, అంటే బండి నడిపేవాడు చెయ్యొచ్చు. తమ్ముళ్లూ, మీరు స్టీరింగ్ దగ్గరే కూర్చోవాలని ఎక్కడా రాసి లేదు.

కార్డు సంగతి త్వరగా చెప్తాను. 2025 ఏప్రిల్ 11న ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి. కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షలు, ఆడవాళ్లకి అదనంగా ఇంకో ఐదు లక్షలు. డెబ్బై దాటినవాళ్లకి వేరే కార్డు ఉంది. మనకి దీంట్లో పనికొచ్చేది ఏమిటంటే, ఆయుష్మాన్‌లో చేరిన ఆసుపత్రి శ్రీకాకుళంలో ఉన్నా వైజాగ్‌లో ఉన్నా ఈ కార్డు పనిచేస్తుంది. ఆ ఆసుపత్రి చేరిందా లేదా అన్నది వెళ్లాక కౌంటర్ దగ్గర తెలుసుకునేది కాదు. బండిలో ఉండగానే ఆసుపత్రిలో ఈ కార్డు పని చూసే ఆయుష్మాన్ మిత్రతో మాట్లాడండి, కార్డు ఫొటో పంపండి.

సీపీఆర్. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025 అక్టోబరులో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్దవాళ్లకి నొక్కే పద్ధతి మారలేదు: నిమిషానికి 100 నుంచి 120, లోతు కనీసం ఐదు సెంటీమీటర్లు, ఆరు దాటకుండా. మారింది పసిపిల్లల విషయంలో. ఏడాది లోపు బిడ్డకి రెండు వేళ్లతో నొక్కడం మనందరికీ నేర్పించారు కదా, అది ఇక వద్దంటున్నారు, లోతు సరిపోవడం లేదని. రెండు చేతులతో ఛాతీ చుట్టూ పట్టుకుని రెండు బొటనవేళ్లతో నొక్కాలి, లేదా ఒక్క అరచేతి మడమతో. గొంతులో ఏదైనా అడ్డుపడితే పెద్దవాళ్లకీ, ఏడాది దాటిన పిల్లలకీ ముందు వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత కడుపు మీద ఐదు నొక్కులు, ఇలా మార్చి మార్చి, అడ్డు బయటికి వచ్చేదాకా లేదా స్పృహ తప్పేదాకా. పసిబిడ్డకి కడుపు మీద నొక్కకూడదు, వీపు మీద ఐదు, ఛాతీ మీద అరచేతి మడమతో ఐదు. గర్భిణికి కడుపు బదులు ఛాతీ. ఇంకోటి, ఆడవాళ్లకి ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే మెషీన్) ప్యాడ్లు పెట్టేటప్పుడు లోపలి బట్టలు పూర్తిగా తీయక్కర్లేదు, పక్కకి జరిపి పెట్టొచ్చు అన్నారు. మన ఊళ్లలో జనం మధ్యలో ఆడమనిషికి ఏఈడీ పెట్టడానికి ఎందుకు వెనకాడతారో మీకు తెలుసు, ఆ వెనకాడటం వల్లే కొంతమంది పోతారు. ఇవి మీ ప్రోటోకాల్ పుస్తకంలోకి వచ్చేదాకా కంట్రోల్ రూము డాక్టరుని అడిగి చెయ్యండి. సొంత నిర్ణయాలు వద్దు.

చిత్రకొండ నుంచి వచ్చినవాళ్లు ఎవరు? చేతులెత్తండి. బలిమెల రిజర్వాయర్ అవతల ఊళ్లకి 2018 జులై 26న గురుప్రియ వంతెన వచ్చేదాకా పడవే దిక్కు. 910 మీటర్ల వంతెన, నూట యాభై ఒక్క ఊళ్ల తలరాత మార్చింది అంటారు. మార్చింది నిజమే, కానీ వంతెన దిగాక ఊరి దాకా రోడ్డు లేనిచోట ఇప్పటికీ డోలీయే. బోట్ అంబులెన్సు ఇప్పటికీ కావాలి. అక్కడ లెక్క బండి ఎప్పుడు బయల్దేరింది అని కాదు, డోలీ ఎప్పుడు బయల్దేరింది అని. డోలీ ఇంటి గడప దాటగానే ఆశా అక్క ఫోన్ చేస్తే బండి రోడ్డు మొదట్లో ఆగి ఉంటుంది. డోలీ రోడ్డెక్కాక చేస్తే అక్కడ నేల మీద పడుకోబెట్టి ఎదురు చూడాలి, పురిటి కేసయితే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. కాన్పు తేదీ దగ్గరపడ్డవాళ్లని ముందే 'మా గృహ'కి, అంటే కాన్పుకి ముందు గర్భిణులు వచ్చి ఉండే ఇంటికి చేర్చడం వీటన్నిటికన్నా మేలు. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు దక్షిణ ఒడిశా జిల్లాల్లో గర్భిణుల్ని ముందే ఆసుపత్రులకి తరలించారు. 2018లో తిత్లీకి చెట్లు పడి రోడ్లన్నీ మూసుకుపోయిన గజపతి జిల్లావాళ్లకి అది ఎంత పెద్ద తేడానో తెలుసు. తుపాను లేనప్పుడు కూడా ఆ పని చెయ్యొచ్చు కదా?

ప్రశ్న అడిగారు ఎవరో, జీతాల గురించి. అవును, అది నేను దాటేయను. పన్నెండు గంటల డ్యూటీ, కాంట్రాక్టు మారినప్పుడల్లా మళ్లీ మొదటికి రావడం, ఇది రెండు రాష్ట్రాల్లోనూ వింటున్నాను. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది, ఎమర్జెన్సీ పారామెడిక్ పని కూడా దాని పరిధిలో ఉంది. రాష్ట్ర కౌన్సిల్, రిజిస్టరు సరిగ్గా నడిస్తే మీ చదువుకి, అనుభవానికి ఒక గుర్తింపు ఉంటుంది, కంపెనీ మారినా అది మీతోనే ఉంటుంది. జీతం దాంతోనే పెరుగుతుందని నేను హామీ ఇవ్వను. కానీ సర్టిఫికెట్లు, ట్రైనింగు కాగితాలు అన్నీ ఒకచోట పెట్టుకోండి, రిజిస్ట్రేషన్ పిలుపు వచ్చినప్పుడు వెతుక్కోకుండా.

ఇంకా ఏమైనా అడగాలంటే టీ దగ్గర అడగండి. తర్వాత రెండు గ్రూపులుగా విడిపోదాం. ఈఎంటీలు, అంటే బండిలో వైద్యం చూసేవాళ్లు, ఆశా అక్కలు పక్క గదిలో ట్రైనింగు బొమ్మల దగ్గరికి, పసిబిడ్డ సీపీఆర్ ప్రతి ఒక్కరూ చేసి చూపించాలి, చూస్తూ నిలబడటం కుదరదు. పైలట్లు ఇక్కడే ఉండండి, సరిహద్దు రోడ్ల మ్యాప్ తెచ్చాను, వానల్లో ఏ కల్వర్టు మునుగుతుందో మీరు చెప్తే గుర్తులు పెడతాం, ఆ కాపీ రెండు వైపుల కాల్ సెంటర్లకీ పంపిస్తాను.